గ్రంథాలయ గుమాస్తా, ఇటలీ ప్రధాని

పిల్లలూ, మీ అట్లాసు తీసి యూరపు పటం ముందు పెట్టుకోండి. ఇటలీ బూటు ఆకారంలో ఉంటుందని మీ అందరికీ తెలుసు. పరీక్షలో అడిగితే వ్రాస్తారు కూడా. అయితే అందరి చూపూ ఆ బూటు మొన దగ్గరే ఆగిపోతుంది. ఈసారి బూటు పై అంచు చూడండి. అక్కడ ఆల్ప్సు పర్వతాలు ఉన్నాయి. ఆ కొండల మడతలలో త్రెంతో అనే పట్నమూ, దానికి ఉత్తరాన బొల్జానో అనే మరొక పట్నమూ కనిపిస్తాయి. ఇంకా పైకి పోతే ఆస్ట్రియా దేశం వస్తుంది. మధ్యన సరిహద్దు గీత ఉన్నది చూశారా? ఆ గీత మొదటినుంచీ అక్కడ లేదు. మొదటి ప్రపంచయుద్ధం ముగిసేదాకా అది త్రెంతోకు దక్షిణాన ఉండేది. కొండలు కదలలేదు, యేళ్ళు కదలలేదు, ఇళ్ళు కదలలేదు. గీత మాత్రం కదిలింది.

అది కదలడం వల్ల ఒక మనిషి ఆస్ట్రియా ప్రజగా పుట్టి, ఇటలీకి ప్రధానమంత్రి అయినాడు. ఆయన పేరు ఆల్చీదె దె గాస్పెరి. మాజినీ, గరిబాల్డీ పేర్లు మీరు చరిత్ర పాఠాలలో విని ఉంటారు. ఈయన పేరు వినివుండరు. ఈయన గుర్రమెక్కి యుద్ధం చేయలేదు. సన్నగా, పొడుగ్గా, కళ్ళజోడు పెట్టుకొని, ముభావంగా ఉండే మనిషి. ప్రధాని కాకముందు పధ్నాలుగేండ్లు ఒక గ్రంథాలయంలో కొలువు చేశాడు. ఆ కథ వస్తుంది, కాస్త ఓపిక పట్టండి.

త్రెంతోకు తూర్పున, కొండల నడుమ, పియేవె తెజీనో అనే చిన్న ఊరు ఉంది. దె గాస్పెరి 1881 ఏప్రిల్ 3వ తేదీన అక్కడ పుట్టాడు. ఆ ఊరి సంగతి ఒకటి చెప్పాలి. అక్కడ సాగుకు పనికివచ్చే భూమి తక్కువ. అందుచేత మగవాళ్ళు అచ్చుబొమ్మలు పెట్టెలలో సర్దుకొని, వాటిని వీపున కట్టుకొని, కాలినడకన దేశాలు తిరిగి అమ్ముకొనేవారు. మన ఊళ్ళకు దేవుళ్ళ పటాలు అమ్మేవాళ్ళు వచ్చేవారే, అలాగన్న మాట. వాళ్ళు కొందరు రష్యా దాకా వెళ్ళారంటే మీరు నమ్మాలి. అటువంటి ఊళ్ళో పుట్టిన పిల్లవాడికి సరిహద్దు అంటే గోడ అని తోచదు. దాటవలసిన వాగు అని తోస్తుంది. తండ్రి పోలీసు శాఖలో చిన్న ఉద్యోగి. ఇల్లు గడవడానికి ఇబ్బంది లేదు గాని మిగిలేది కూడా లేదు.

ఆ ఊళ్ళో మాట్లాడేది ఇటాలియను భాష. ప్రభుత్వం ఉన్నది వియన్నాలో, చక్రవర్తిది జర్మను భాష. ఆనాటి ఆస్ట్రియా–హంగరీ సామ్రాజ్యంలో పదికి పైగా భాషలు మాట్లాడేవారు. ఆ సామ్రాజ్యంలోని ఇటాలియనులకు తమ భాషలో చదువు చెప్పే విశ్వవిద్యాలయం ఒక్కటీ లేదు. దె గాస్పెరి వియన్నా వెళ్ళి జర్మనులోనే భాషాశాస్త్రం చదువుకొని 1905లో పట్టా పుచ్చుకొన్నాడు. అంతకు ముందు సంవత్సరం, 1904లో, ఇన్స్‌బ్రుక్ పట్నంలో ఇటాలియను విద్యార్థుల కోసం న్యాయశాస్త్ర శాఖ ఒకటి తెరిచారు. తెరిచిననాడే గొడవ లేచింది. జర్మను విద్యార్థులు మీదపడ్డారు, సైన్యం వచ్చింది. ఇటాలియను విద్యార్థులను చాలామందిని పట్టుకొనిపోయారు. వాళ్ళలో దె గాస్పెరి ఒకడు. మూడు వారాల దాకా జైలులో ఉన్నాడు. తెరిచిన శాఖ కాస్తా మూతపడింది. సొంత భాషలో చదువు కావాలన్నందుకు జైలు! ఈ సంగతి గుర్తు పెట్టుకోండి. నలభై రెండేండ్ల తర్వాత దీనితో మనకు పని ఉంది.

చదువు కాగానే ఆయన త్రెంతోలో ఒక పత్రికకు సంపాదకుడు అయినాడు. అప్పటికి వయస్సు ఇరవై నాలుగు. 1909లో ఆ చిన్న పట్నానికి ఇటలీ నుంచి ఇంకొక కుర్ర సంపాదకుడు వచ్చాడు. వయస్సు పాతికేండ్లు. అప్పట్లో అతను సోషలిస్టు. గొంతు పెద్దది, కలం వాడి, కోపం మెండు. ఇద్దరికీ పత్రికలలో పడింది. ఒకరి నొకరు ఏకి పెట్టుకొన్నారు. ఒకసారి సభలో ఎదురెదురుగా నిలబడి వాదించుకొన్నారు కూడా. కొన్ని నెలలు గడిచేసరికి ఆస్ట్రియా పోలీసులు ఆ వచ్చినవాణ్ణి దేశంలోనుంచి పంపివేశారు. అతని పేరు బెనితో ముస్సోలినీ.

ఒకే పట్నంలో, ఒకే సంవత్సరం, రెండు పత్రికల బల్లల ముందు కూర్చున్న ఆ ఇద్దరూ ఇరవయ్యో శతాబ్దంలో ఇటలీని చెరొక విధంగా ఏలవలసినవాళ్ళు. నాటకంలో ఇలా వ్రాస్తే, ఇది అతకలేదయ్యా అంటాం. చరిత్రకు ఆ మొగమాటం లేదు.

1911లో దె గాస్పెరి వియన్నా పార్లమెంటుకు ఎన్నికయ్యాడు. 1914లో యుద్ధం వచ్చింది. 1915లో ఇటలీ ఆస్ట్రియా మీదికి దిగింది. సైన్యాలు పోరాడే గీత సరిగ్గా ఆ కొండల మీదుగానే పడింది. ఆ ప్రాంతపు జనాన్ని ఇళ్ళలోనుంచి లేపి, ముసలీ ముతకాతో సహా రైళ్ళెక్కించి, ఆస్ట్రియా లోపల శిబిరాలలో దింపారు. దె గాస్పెరి ఆ శిబిరాలు తిరుగుతూ, రొట్టె కోసం, మందుల కోసం, పిల్లల బడుల కోసం అధికారుల వెంట పడ్డాడు. 1918లో ఆస్ట్రియా ఓడిపోయింది. సామ్రాజ్యం ముక్కలైంది. గీత పైకి జరిగింది. త్రెంతో ఇటలీలో కలిసింది.

గీత త్రెంతో దగ్గర ఆగిపోయి ఉంటే బాగుండేది. అది ఇంకా పైకి పోయి, కొండల శిఖరాలమీద ఆగింది. అందుచేత బొల్జానో చుట్టూ ఉన్న జర్మను మాట్లాడే లక్షలాది జనం కూడా, ఇష్టం ఉన్నా లేకపోయినా, ఇటలీ ప్రజలైపోయారు. ఓడలు బండ్లు, బండ్లు ఓడలు కావడం అంటే ఇదే. నిన్న ఇటాలియనులు తక్కువవాళ్ళు. నేడు జర్మనులు తక్కువవాళ్ళు.

1921లో దె గాస్పెరి రోమ్ పార్లమెంటుకు వచ్చాడు. ఆయన చేరిన పార్టీ పేరు ప్రజాపార్టీ. మరుసటి సంవత్సరమే పెండ్లి. భార్య పేరు ఫ్రాంచెస్కా. తర్వాత నలుగురు ఆడపిల్లలు పుట్టారు. అదే 1922 అక్టోబరులో ముస్సోలినీ నల్లచొక్కాల దళాలు రోమ్ మీదికి నడిచాయి. ఇప్పుడతను సోషలిస్టు కాదు, ఫాసిస్టు. రాజు భయపడి అతన్నే ప్రధానిగా పిలిచాడు. ఇక్కడ నేను మీతో దాపరికం లేకుండా చెప్పాలి. ప్రజాపార్టీ మొదట ముస్సోలినీ మంత్రివర్గంలో చేరింది. దె గాస్పెరి అందుకు ఒప్పుకొన్నవాడే. అధికారం చేతికి వస్తే ఆ మనిషి కుదుటపడతాడని అప్పుడు చాలామంది అనుకొన్నారు. కుదుటపడలేదు. 1924లో మత్తెయోత్తి అనే ప్రతిపక్ష సభ్యుణ్ణి ఫాసిస్టులు ఎత్తుకొనిపోయి చంపారు. ఆ యేడే దె గాస్పెరి ప్రజాపార్టీకి కార్యదర్శి అయినాడు. ప్రతిపక్షాలు పార్లమెంటును విడిచి బయటికి వచ్చాయి. 1926లో ముస్సోలినీ పార్టీలన్నిటినీ రద్దు చేసి, బయటికి వచ్చినవాళ్ళ సభ్యత్వాలు తీసివేశాడు.

1927 మార్చిలో దె గాస్పెరి, ఆయన భార్య రైలులో పోతూ ఉండగా పోలీసులు పట్టుకొన్నారు. దొంగచాటుగా దేశం దాటిపోతున్నారని నేరం మోపారు. నాలుగేండ్ల శిక్ష వేశారు. అప్పీలులో అది తగ్గింది. జైలులో ఆయన ఆరోగ్యం పాడైంది. 1928 జులైలో విడుదల చేశారు. ఆ రోజులలో ఆయన భార్యకు వ్రాసిన ఉత్తరాలు తర్వాత పుస్తకంగా అచ్చయినాయి.

బయటికి వచ్చాడు సరే, ఏం తిని బ్రతకడం? పత్రికలు లేవు. పార్టీ లేదు. ఉద్యోగం ఇస్తే పోలీసులు ఇచ్చినవాడి గుమ్మం ముందు కూర్చుంటారు. ఇంటిలో చిన్నపిల్లలు. జర్మను పుస్తకాలు ఇటాలియనులోకి తర్జుమా చేసి నాలుగు డబ్బులు తెచ్చుకొనేవాడు. ఆ సమయంలో ఒక తలుపు తెరుచుకొన్నది. రోమ్ నగరం మధ్యనే పోపుగారి వాటికన్ ఉన్నది కదా. 1929 ఫిబ్రవరిలో ముస్సోలినీ ప్రభుత్వమే పోపుతో ఒడంబడిక చేసికొని వాటికన్ స్వతంత్ర రాజ్యమని ఒప్పుకొన్నది. దాని విస్తీర్ణం రమారమి నూటపది ఎకరాలు. మన ఊళ్ళలో పెద్ద రైతు పొలమంత. కాని అది వేరే రాజ్యం, ముస్సోలినీ పోలీసుల చేయి అందులోకి పోదు. 1929 ఏప్రిల్‌లో దె గాస్పెరి అక్కడి గ్రంథాలయంలో కేటలాగు వ్రాసే పనిలో చేరాడు. జీతం స్వల్పం. మొదట పని కూడా తాత్కాలికమే.

కేటలాగు అంటే ఏమిటో మీలో గ్రంథాలయానికి పోయేవాళ్ళకు తెలుసు. తెలియనివాళ్ళ కోసం చెపుతాను. ప్రతి పుస్తకానికి ఒక కార్డు. దానిమీద గ్రంథకర్త పేరు, పుస్తకం పేరు, ఎక్కడ అచ్చయింది, ఏ సంవత్సరం, దేనిని గురించి, ఏ అరలో ఉన్నది – ఇవన్నీ ఉండాలి. చూడడానికి చాలా తేలిక పని. చేసి చూస్తే తెలుస్తుంది. ఒకే గ్రంథకర్త లాటిను పుస్తకంలో ఒక పేరుతో, జర్మను పుస్తకంలో ఇంకొక పేరుతో, ఇటాలియనులో మూడో పేరుతో కనిపిస్తాడు. ముగ్గురూ ఒకరేనని పట్టుకోకపోతే పుస్తకం పోయినట్టే లెక్క. అరలోనే ఉంటుంది గాని ఎవరికీ దొరకదు. నేను బడిలో ఉన్నన్నాళ్ళూ పిల్లలకు చెప్పేవాణ్ణి: కార్డు తప్పు వ్రాసినవాడు పుస్తకం దొంగిలించినవాడికంటే ఎక్కువ నష్టం చేస్తాడని. దొంగ ఎప్పుడైనా తిరిగి తెచ్చి ఇయ్యవచ్చు.

సరిగ్గా ఆ రోజులలోనే వాటికన్ గ్రంథాలయంలో అచ్చుపుస్తకాల కేటలాగును కొత్త పద్ధతిలో, అమెరికా నిపుణుల సాయంతో, మొదటినుంచి తయారు చేస్తున్నారు. దె గాస్పెరికి లాటిను వచ్చు, జర్మను వచ్చు, ఇటాలియను మాతృభాష. వియన్నాలో చదివిన భాషాశాస్త్రం ఇక్కడ పనికి వచ్చింది. ఒకనాటి పార్లమెంటు సభ్యుడు ప్రతిరోజూ వచ్చి, బల్లముందు కూర్చుని, కార్డులు వ్రాసి, సాయంత్రం ఇంటికి పోయేవాడు. కిటికీ బయట ముస్సోలినీ జయజయధ్వానాలు. ఒకప్పుడు తనతో సమానంగా పత్రికలో తగవులాడినవాడు మేడమీద నిలబడి లక్షమందికి ఉపన్యాసాలు చెపుతున్నాడు. ఈయన కార్డులు వ్రాస్తున్నాడు. 1939లో గ్రంథాలయ కార్యదర్శి పదవి ఇచ్చారు. ఒకటి కాదు, రెండు కాదు, మొత్తం పధ్నాలుగేండ్లు అలా గడిచాయి.

అయితే ఆయన కార్డులు మాత్రమే వ్రాయలేదు. వాటికన్ వారి పత్రిక ఒకదానిలో మారుపేరుతో ప్రపంచ రాజకీయాలమీద వ్యాసాలు వ్రాసేవాడు. జర్మనీలో హిట్లరు ఏం చేస్తున్నాడో, ఫ్రాన్సులో ఏం జరుగుతున్నదో, పుస్తకాలు, పత్రికలు చదివి తెలుసుకొంటూ ఉన్నాడు.

1940లో ముస్సోలినీ హిట్లరు పక్షాన రెండవ ప్రపంచయుద్ధంలో దిగాడు. 1943 జులై నాటికి ఇటలీ ఓడిపోయే స్థితికి వచ్చి, రాజే అతన్ని తొలగించాడు. సెప్టెంబరులో జర్మను సైన్యం రోమ్‌ను పట్టుకొన్నది. దె గాస్పెరి, మరికొందరు నాయకులు లాటెరాన్ అనే చోట క్రైస్తవ గురువుల పాఠశాలలో దాగికొన్నారు. ఆయనతోపాటు అక్కడ దాగినవాళ్ళలో సోషలిస్టు నాయకుడు నెన్నీ కూడా ఉన్నాడు. అతనికి మతమంటే గిట్టదు, ఈయనకు మతమే ఊపిరి. ఒకే కప్పు కింద తలదాచుకొన్నారు. 1944 జూన్ 4న మిత్రరాజ్యాల సైన్యాలు రోమ్‌లో ప్రవేశించాయి. అజ్ఞాతంలో ఉన్న నాయకులు బయటికి వచ్చారు. దె గాస్పెరి క్రైస్తవ ప్రజాస్వామ్యపార్టీ అనే కొత్త పార్టీకి నాయకుడు. 1944 డిసెంబరులో విదేశాంగమంత్రి. 1945 డిసెంబరులో ప్రధానమంత్రి.

ఏ దేశానికి ప్రధాని? వంతెనలు కూలిన దేశానికి, రైళ్ళు నడవని దేశానికి, పొయ్యిలో బొగ్గులేని దేశానికి. పైగా ఓడిన దేశానికి. మొట్టమొదట తేల్చవలసిన ప్రశ్న – రాజు ఉండాలా, వద్దా? 1946 జూన్ 2న ప్రజల ఓటుకు పెట్టారు. దేశమంతటా స్త్రీలు ఓటు వేసిన మొదటి జాతీయ ఎన్నిక అది. గణతంత్రానికి కోటి 27 లక్షల ఓట్లు, రాజుకు కోటి 7 లక్షల ఓట్లు వచ్చాయి. ఉత్తరం గణతంత్రం కావాలన్నది, దక్షిణం రాజు కావాలన్నది. కొంత తర్జనభర్జన జరిగాక రాజు ఉంబెర్తో విమానమెక్కి దేశం విడిచి వెళ్ళాడు. రక్తం చిందకుండా గండం గడిచింది.

అంతకంటే గట్టి పరీక్ష ఆగస్టులో వచ్చింది. యుద్ధంలో గెలిచిన దేశాలు పారిస్‌లో సభ చేసి, ఓడిన దేశాలతో సంధి షరతులు వ్రాస్తున్నాయి. ఇటలీని కూడా పిలిచారు – షరతులు వినడానికి, తన మాట ఒకసారి చెప్పుకోవడానికి. 1946 ఆగస్టు 10న దె గాస్పెరి లేచి నిలబడ్డాడు. మీ వ్యక్తిగతమైన మర్యాద తప్ప ఇక్కడ సమస్తమూ నాకు వ్యతిరేకంగా ఉన్నట్టు తోస్తున్నది అనే అర్థం వచ్చే మాటతో మొదలుపెట్టాడు. ముస్సోలినీ చేసిన పాపానికి, ముస్సోలినీ జైలులో పెట్టిన మనిషి జవాబు చెప్పుకోవలసి వచ్చింది. ఆయన ఆ మాట అడ్డం పెట్టుకొని తప్పించుకోలేదు. ఇటలీ తరపున మాట్లాడాడు. ఉపన్యాసం అయ్యాక సభలో చప్పట్లు లేవు. మౌనంగా తన చోటికి నడిచి పోతూ ఉంటే అమెరికా విదేశాంగమంత్రి బర్న్స్ ఒక్కడు చేయి చాచి కరచాలనం చేశాడని చెప్పుకొంటారు.

షరతులు తగ్గలేదు. ఇస్ట్రియా ప్రాంతంలో అధికభాగం యుగోస్లావియాకు పోయింది. త్రియెస్తే రేవుపట్నాన్ని వేరుచేశారు. ఆఫ్రికాలోని వలసలు పోయాయి. నష్టపరిహారం మొత్తం 36 కోట్ల డాలర్లు. అందులో ఇటలీ దురాక్రమణకు గురైన ఇథియోపియాకు రావలసినదీ ఉన్నది. ఇస్ట్రియానుంచి రెండు లక్షలకు పైగా ఇటాలియనులు ఇళ్ళు విడిచి వచ్చారు. 1947 ఫిబ్రవరి 10న సంధిమీద ఇటలీ సంతకం చేసింది. దేశద్రోహి అని ఆయనను తిట్టినవాళ్ళున్నారు. సంతకం చేయకపోతే పరాయి సైన్యాలు దేశం విడిచి పోవు, ఇటలీ మళ్ళీ నలుగురిలో కూర్చోలేదు. ఆ మాట జనానికి చెప్పి, తిట్లు తిన్నాడు. చప్పట్లు కొట్టే పని ఎవరైనా చేస్తారు.

ఆ పారిస్‌లోనే, ఉపన్యాసం చేసి నెల తిరగకముందే, 1946 సెప్టెంబరు 5న, ఆయన ఇంకొక కాగితంమీద సంతకం చేశాడు. దాన్ని గురించి పత్రికలలో అంత గొడవ లేదు. రెండు పుటల కాగితం. ఎదుటి సంతకం ఆస్ట్రియా విదేశాంగమంత్రి గ్రూబర్‌ది. బొల్జానో ప్రాంతపు జర్మనుల సంగతి అది.

వాళ్ళు ముస్సోలినీ కాలంలో పడ్డ పాట్లు మీరు వినాలి. 1923 మొదలు బడులలో జర్మను తీసివేస్తూ వచ్చారు. ఊళ్ళ పేర్లు మార్చారు. చివరికి సమాధి రాళ్ళమీద కూడా జర్మను పనికి రాదన్నారు. అప్పుడు ఊళ్ళవాళ్ళు రహస్యపు బడులు పెట్టారు. రైతుల ఇళ్ళలో, అటకలమీద, పశువుల కొట్టాలలో పిల్లలను కొద్దికొద్ది మందిగా చేర్చి, పడుచు పంతులమ్మలు జర్మను అక్షరాలు దిద్దించేవారు. పూర్వం రోమ్‌లో క్రైస్తవులు దాగికొన్నారని కథలు చెప్పే భూగర్భ సొరంగాలున్నాయి; ఆ సొరంగాల పేరే ఈ బడులకు పెట్టారు. పోలీసులకు దొరికితే పంతులమ్మకు జైలు. పగలు సర్కారు బడిలో ఇటాలియను, చాటుగా దొంగబడిలో అమ్మ భాష! 1939లో హిట్లరు, ముస్సోలినీ కలిసి ఇంకొక ఘోరం చేశారు. జర్మనులుగా ఉండదలిస్తే జర్మనీకి పొండి, ఇక్కడ ఉండదలిస్తే ఇటాలియనులుగా మారండి అన్నారు. కుటుంబాలు నిలువునా చీలాయి. డెబ్బై అయిదు వేలమంది దాకా ఊళ్ళు విడిచి వెళ్ళారు.

ఇన్స్‌బ్రుక్ జైలు సంగతి గుర్తుపెట్టుకోమన్నాను. ఇప్పుడు చెప్పండి, ఆ కుర్రవాడు ఇప్పుడు ప్రధాని. తక్కువవాళ్ళు ఇప్పుడు జర్మనులు. పగ తీర్చుకోవాలంటే ఇంతకంటే మంచి అదను ఉంటుందా? ఆ రెండు పుటల ఒప్పందంలో ఏమున్నదంటే – బడులలో మాతృభాషలో చదువు, కచేరీలలో రెండు భాషలూ సమానం, ఊళ్ళకు రెండు భాషలలోనూ పేర్లు, వెళ్ళిపోయినవాళ్ళ పౌరసత్వం సంగతి మళ్ళీ విచారించడం, స్వపరిపాలన.

ఆయనను దేవుణ్ణి చేయడం నాకిష్టం లేదు. స్వపరిపాలన ఇచ్చేటప్పుడు, 1948లో, బొల్జానోను ఒక్కదాన్నే ఉంచక త్రెంతోతో కలిపి ఒకే ప్రాంతం చేశారు. కలిపిన ప్రాంతంలో ఇటాలియనులే ఎక్కువమంది. ఇచ్చినట్టే ఇచ్చి పట్టుకొన్నారని జర్మనులకు కోపం వచ్చింది. ఆ కోపానికి కారణం ఉన్నది. ఆయన చనిపోయిన తర్వాత, 1961లో, ఒక రాత్రి కరెంటు స్తంభాలను బాంబులతో పేల్చారు. ఎంతో చర్చ జరిగి 1972లో కొత్త చట్టం వచ్చింది. 1992లో గాని ఆస్ట్రియా తగవు తీరిందని ప్రకటించలేదు.

1947 జనవరిలో ఆయన అప్పు కోసం అమెరికా వెళ్ళవలసి వచ్చింది. అక్కడ చలి. ప్రధానమంత్రికి తగిన ఓవరుకోటు లేదు. పార్టీలో తోటి నాయకుడు పిచ్చోనీ దగ్గర కోటు ఎరువు తీసికొని వెళ్ళాడని చెప్పుతారు. పదికోట్ల డాలర్ల అప్పుతో తిరిగి వచ్చాడు. కోటు కూడా తిరిగి ఇచ్చే ఉంటాడు లెండి.

ఆ యేడు మే నెలలో కమ్యూనిస్టులను, సోషలిస్టులను మంత్రివర్గంలోనుంచి తప్పించాడు. లాటెరాన్‌లో కలిసి దాగిన నెన్నీ ఇప్పుడు ఎదుటి పక్షం. 1948 ఏప్రిల్ ఎన్నికలలో దె గాస్పెరి పార్టీకి నూటికి 48 ఓట్లకు పైగా వచ్చాయి. అమెరికా ధనం, బయటికి కొంత, చాటుగా కొంత, ఆ ఎన్నికలో పనిచేసిన మాట కూడా నిజమే. పార్లమెంటులో ఒంటరిగా ఏలుకొనే బలం ఉండికూడా, ఆయన చిన్న పార్టీలను పిలిచి మంత్రి పదవులిచ్చాడు. ఒక్కడే ఏలితే ఏమవుతుందో చూసినవాడు గదా.

దక్షిణ ఇటలీ బీదరికం మాటలలో చెప్పడం కష్టం. భూములన్నీ కొద్దిమంది దొరల చేతిలో ఉండేవి. 1949లో కలాబ్రియాలోని మెలిస్సా అనే ఊళ్ళో బీడుభూమి దున్నుకోబోయిన కూలీలమీద పోలీసులు కాల్చారు, ముగ్గురు చనిపోయారు. దె గాస్పెరి ప్రభుత్వపు పోలీసులే. మరుసటి సంవత్సరం ఆ ప్రభుత్వమే పెద్ద కమతాలలో కొంతభాగం తీసికొని రైతులకు పంచే చట్టాలు చేసింది. దక్షిణాన రోడ్లు, నీళ్ళు, కాలువల కోసం ప్రత్యేక నిధి పెట్టింది. పంచిన కమతాలు మరీ చిన్నవి. చాలామంది కొన్నేండ్లకు వాటిని వదలి ఉత్తరాది ఫ్యాక్టరీలకు పోయారు. మరికొందరు అంతకు ముందే బెల్జియం పోయారు. 1946లో ఇటలీ బెల్జియంతో ఒక ఒప్పందం చేసికొన్నది: ఇటలీ గనికూలీలను పంపాలి, బెల్జియం బొగ్గు అమ్మాలి. బొగ్గు కోసం మనుషులను పంపడం! 1956లో మార్సినెల్ గనిలో మంట లేచి 262 మంది చనిపోతే వాళ్ళలో 136 మంది ఇటాలియనులు.

మతేరా అనే ఊరి సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. బూటు మడమకు కాస్త పైన చూడండి. అక్కడ ఒక లోయ అంచున రాతిని తొలిచి, గుహలలో జనం కాపురాలు చేసేవారు. పదిహేనువేల మంది! ఒకే గుహలో ముందువైపు మంచం, మంచం కింద కోళ్ళు, వెనుకవైపు గాడిద. గాలి లేదు, వెలుతురు లేదు, నీళ్ళు లేవు. పిల్లలకు మలేరియా. 1950 జులైలో ప్రధాని స్వయంగా వచ్చి చూశాడు. 1952లో చట్టం చేసి, ప్రభుత్వమే ఇళ్ళు కట్టించి, జనాన్ని క్రమక్రమంగా గుహలనుంచి మార్చింది. ముసలివాళ్ళు కొందరు ఏడ్చారట. కొత్త ఇంటిలో అన్నీ ఉన్నాయి, ఎదుటి గుహలోని పొరుగమ్మ లేదు. ఇక ఆ గుహల మాట వింటే మీకు నవ్వు వస్తుంది. 1993లో వాటిని ప్రపంచ వారసత్వపు జాబితాలో చేర్చారు. ఇప్పుడు కొన్ని గుహలు హోటళ్ళు. గాడిదను కట్టిన చోట పడుకోవడానికి దూరదేశాలవాళ్ళు డబ్బు పోసి వస్తున్నారు.

ఆ రోజులలోనే ఫ్రాన్సు మంత్రి షూమాన్ ఒక సలహా తెచ్చాడు. ఫిరంగి చేయాలంటే ఉక్కు కావాలి, ఉక్కు కరగాలంటే బొగ్గు కావాలి. ఈ రెంటినీ ఏ దేశానికాదేశం కాక, అందరి ఉమ్మడి అధికారం కింద పెడితే, ఒకరికి తెలియకుండా ఒకరు యుద్ధానికి సిద్ధం కాలేరు గదా? పశ్చిమజర్మనీ ప్రధాని అడెనావర్ సరేనన్నాడు. దె గాస్పెరి సరేనన్నాడు. 1951 ఏప్రిల్‌లో ఆరు దేశాలు సంతకాలు చేశాయి. ఈనాడు ఇరవై ఏడు దేశాలున్న యూరపు సమాఖ్యకు మొదటి ఇటుక అదే. విచిత్రమేమంటే ఈ ముగ్గురూ కలిస్తే మాట్లాడుకొన్నది జర్మను భాషలో. షూమాన్ కుటుంబపు ఊరు ఒకప్పుడు ఫ్రాన్సుది, తర్వాత జర్మనీది, మళ్ళీ ఫ్రాన్సుది. ఆయన బ్రతుకులోనూ గీత కదిలింది.

1953లో దె గాస్పెరి పొరపాటు చేశాడు. సగానికి మించి ఓట్లు వచ్చిన కూటమికి నూటికి 65 సీట్లు ఇచ్చేటట్టు చట్టం చేయించాడు. ప్రతిపక్షం దానికి మోసపు చట్టమని పేరు పెట్టింది. జనం ఆ పేరునే పట్టుకొన్నారు. ఆయన కూటమికి నూటికి 49.8 వచ్చాయి. అరవైవేల లోపు ఓట్లు తక్కువైనాయి! ఆ జులైలో ప్రభుత్వం పడిపోయింది. ఎనిమిది మంత్రివర్గాలను నడిపినవాడు ఇంటికి వచ్చాడు. చివరిదాకా ఆయన మనసు యూరపు ఉమ్మడి సైన్యం మీదనే ఉండేది. 1954 ఆగస్టు 19న, తన కొండలలోని సెల్లా అనే చోట, కన్ను మూశాడు. పదకొండు రోజులకు ఫ్రాన్సు పార్లమెంటు ఆ సైన్యపు ఒప్పందాన్ని త్రోసివేసింది. రెండు నెలలకు త్రియెస్తే పట్నం తిరిగి ఇటలీకి వచ్చింది. ఆ రెండు వార్తలూ ఆయన వినలేదు. పెద్దకూతురు మరియా రొమానా తండ్రి దగ్గర కార్యదర్శిగా పనిచేసింది. తర్వాత ఆయన జీవితచరిత్ర వ్రాసింది.

ఇప్పుడు అట్లాసులో బొల్జానోను మళ్ళీ చూడండి. కొన్ని పటాలలో ఆ పేరు పక్కన బోజెన్ అని ఇంకొక పేరు ఉంటుంది. అది జర్మను పేరు. ఆ ఊళ్ళో రైలు దిగితే స్టేషను పలకమీద కూడా రెండు పేర్లూ ఒకే పరిమాణంలో వ్రాసి ఉంటాయి. పిల్లలు జర్మను బడికి పోయేవాళ్ళు జర్మను బడికి, ఇటాలియను బడికి పోయేవాళ్ళు ఇటాలియను బడికి పోతారు. ఒక బడిలో రెండో భాష కూడా నేర్చుకొంటారు. ఆ రెండో భాష పంతుళ్ళంటే ఇప్పటికీ పిల్లలకు భయమేనని నా అనుమానం.